నూలు చిలపలకు అద్దిన చైనా మందు

జన్మలో మందు ముట్టని నన్ను మందు ఎంచి తెమ్మని బెజవాడ పంపిన ఘనత మా బందరు క్లబ్బుది. యుద్ధంలో చైనా సరిహద్దు దాకా వెళ్ళివచ్చిన మిలిటరీ డాక్టరు గారికి క్లబ్బులో చైనా తరహా విందు తలపెట్టారు. విందుకు ఎర్ర తెరలు నేయించి ఇచ్చినవాణ్ణి నేనే. అద్దకం రంగుల కోసం ఎలాగూ బెజవాడ వెళ్తున్నానని తెలిసి, క్లబ్బు కార్యదర్శి ప్లీడరు గారు నన్ను పట్టుకున్నారు.

"రంగులు తెలిసిన మనిషివి. వన్ టౌన్‌లో సూరన్న అని ఒకడున్నాడట, బర్మాలో, రంగం పట్నంలో చైనావాళ్ళ హోటల్లో మందు కలిపేవాడట. నాలుగు రకాలు ఎంచి నమూనాలు పట్రా. కమిటీకి నచ్చితే అతన్నే పనిలో పెట్టుకుందాం" అన్నారు.

బుధవారం మధ్యాహ్నం రెండు గంటల బండి ఎక్కి, సాయంత్రం ఐదున్నరకు బెజవాడలో దిగాను. వన్ టౌన్ సత్రంలో బస. గదికి అద్దె లేదు, నల్లులకు నిద్ర లేదు.

గురువారం ఉదయం ఏడింటికి అణా పెట్టి ఇడ్లీలు తిని సూరన్నను వెతుక్కుంటూ వెళ్ళాను. యాభై దాటిన బక్కపలచని మనిషి, ఒక సోడా కొట్టులో పనిచేస్తున్నాడు. యజమాని నెలాఖరుకు కొట్టు ఎత్తేస్తున్నాడట. "ఈ పని దొరికితే బతికిపోతాను బాబూ. తర్వాత ఎక్కడ తలదాచుకోవాలో తెలీదు" అన్నాడు. నాకు గుండె కరిగిపోయింది.

సూరన్న కలపడం మొదలుపెట్టాడు. బ్రాందీలో అల్లం రసం, మందారపూల పాకం పోస్తే ఎర్రటిది తయారైంది. చల్లార్చిన టీ డికాక్షన్‌లో రమ్ము, అనాసపువ్వు, తాటిబెల్లం వేస్తే నల్లటిది. జిన్నులో పుదీనా, నిమ్మరసం కలిపితే పచ్చనిది. ఆఖరున బియ్యం సారాలో కమలాతొక్క వేసి వెచ్చచేసి, చిన్న పింగాణీ కప్పులో పోశాడు. "చైనావోళ్ళు దీన్ని వెచ్చగానే తాగుతారు బాబూ" అన్నాడు.

గుడ్డ రంగు కొట్టులో చూసి కొన్నవాడు మోసపోతాడని మా నాన్న చెప్పేవాడు. అందుకని గ్లాసు పట్టుకుని వీధిలోకి వచ్చి ఎండకు ఎత్తి చూశాను. ఎదురుగా బట్టల కొట్టు శెట్టిగారు నాకు పాత పరిచయం.

"పొద్దున్నే మొదలెట్టారా?" అన్నారు.

"రంగు చూస్తున్నానండీ."

"అందరూ అలాగే మొదలెడతారు లెండి."

ఒక్క గుక్క రుచి చూడమని సూరన్న బతిమాలాడు. నేను ముట్టలేదు. సంచిలోంచి నాలుగు తెల్ల నూలు చిలపలు, రంగు చూడ్డానికి వాడే దారపు చుట్టలు, తీసి ఒక్కొక్కటీ ఒక్కో గ్లాసులో ముంచి, ఆరబెట్టి, చీటీలు కట్టాను. సూరన్న నోరు తెరుచుకుని చూశాడు.

"బాబూ, ఇది తాగేదండీ."

"మా వ్యాపారంలో నమూనా అంటే ఇదే" అని దబాయించాను. నా తెలివికి నాకే ముచ్చటేసింది.

పదిగంటల బండిలో నా పక్కన గుణదల నుంచి తిరిగి వెళ్తున్న రైతు దంపతులు కూర్చున్నారు. "ఆ సంచిలో ఏముందండీ? పక్కన కూర్చుంటేనే హాయిగా ఉంది" అన్నాడు రైతు. చిలపలు ఇచ్చాను. ఒక్కొక్కటే ముక్కుకు ఆనించుకుని కళ్ళు మూసుకున్నాడు. ఎర్రదాన్ని రెండోసారి అడిగితే భార్య, "ఇంకోసారి వాసన చూశావంటే ఇంటికి రానివ్వను" అంది. పెట్టెలో నవ్వని మనిషి లేడు.

గుడివాడ చేరేసరికి పన్నెండు. చిలపలు వెలుగులో పెట్టి చూసి నిర్ఘాంతపోయాను. ఎరుపు, నలుపు, పచ్చ అన్నీ పోయి, నాలుగూ గోనెసంచి రంగుకు తిరిగాయి. పాళ్ళు రాసుకోలేదు, రుచి చూడలేదు. విందు రేపే. నా తెలివితక్కువతనం వల్ల ఒక మనిషి బతుకుతెరువు పోతోందని సిగ్గేసింది. సంచి భుజాన వేసుకుని దిగిపోయాను. పెసరట్టు తిని, ఎదురు బండిలో మళ్ళీ బెజవాడ చేరాను.

"కమిటీ వద్దందా బాబూ?" అన్నాడు సూరన్న, నన్ను చూసి పాలిపోయి.

"కమిటీ దాకా పోలేదు. నమూనాగా నువ్వే రావాలి."

బుట్టలో సీసాలు, రెండు చొక్కాలు సర్దుకున్నాడు. రెండు టిక్కెట్లు కొని, నాలుగు గంటల బండి ఎక్కాం.

గుడివాడ ప్లాట్‌ఫారం మీద సాక్షాత్తూ ప్లీడరు గారే నిలబడి ఉన్నారు, కోర్టు పని ముగించుకుని. మా పెట్టెలోకే ఎక్కారు. చిలపలు చూపించి జరిగిందంతా ఒప్పుకున్నాను. ఆయన తలపాగా జారేలా నవ్వారు. ఈలోగా సూరన్న ప్లాట్‌ఫారం మీద టీ డికాక్షన్ కొనుక్కొచ్చి, అల్లం, అనాసపువ్వు, నిమ్మకాయ, సోడా ఏదో పద్ధతిలో కలిపి ఆయన చేతికిచ్చాడు. ప్లీడరు గారు సగం గ్లాసు దించకుండా తాగేశారు.

"ఇందులో మందెంతోయ్?"

"సుక్క లేదండీ. రైల్లో పొయ్యకూడదు గదండీ."

"మందు లేకుండానే ఇలా ఉంటే రేపు డాక్టరు గారు ఇల్లు చేరరు. రాత్రికి క్లబ్బులోనే పడుకో, రేపట్నుంచి పనిలో ఉన్నట్టే."

నేనూ ఒక గ్లాసు పుచ్చుకున్నాను. సంతోషానికో ఏమో, మందు లేకపోయినా తల తేలిపోయింది. పెడన దాటేదాకా వాగుతూనే ఉన్నాను. ఇకముందు బెజవాడ వెళ్ళేవాళ్ళకు నేను చెప్పేది ఒకటే: తాగేదాన్ని నోటితో ఎంచండి, మనిషిని వెంటబెట్టుకు రండి.

సూరన్న మాత్రం టిక్కెట్టు చేత్తో పట్టుకుని కూర్చున్నాడు. జేబులో పెట్టుకోమన్నాను.

"బాంబులు పడ్డప్పుడు రంగం నించి నడిసొచ్చాను బాబూ. దారి పొడుగునా పొమ్మన్నోళ్ళే. నన్ను రమ్మని టిక్కెట్టు కొన్నోరు మీరే."

బందరులో దిగేసరికి చీకటి పడింది. గేటు దగ్గర టిక్కెట్టు కలెక్టరు చెయ్యి చాపాడు. నాది ఇచ్చేశాను. సూరన్నకు తనది ఇవ్వడానికి మనసొప్పలేదు.