వెండెల్ ముట్టుకోని తాడు

మా ఓక్సెన్‌ఫుర్ట్‌లో పీపాల పని నేర్చుకున్నవాడు మూడేళ్ల మీద ఒక్కరోజు పాటు సొంతూరి ముఖం చూడకూడదు. ఊరూరా తిరిగి, పరాయి మేస్త్రీల దగ్గర పనిచేసి, ప్రతిచోటా మంచివాడని కాగితం రాయించుకు రావాలి. అప్పుడే పీపాల పనివాళ్ల సంఘం వాణ్ని మేస్త్రీగా చేర్చుకుంటుంది. వెండెల్ ఇరవయ్యో ఏట బయల్దేరాడు. తోడుగా అదే పని నేర్చిన జోస్ట్ ఉన్నాడు. జోస్ట్ దారి పొడుగునా అబద్ధాలు చెప్పి నవ్వించేవాడు. రొట్టె తుంచితే పెద్ద ముక్క వెండెల్‌కే ఇచ్చేవాడు.

రెండో ఏడు ఒక మేస్త్రీ, జోస్ట్ ఎదురు మాట్లాడాడన్న కోపంతో కాగితం ఇవ్వనన్నాడు. కాగితం లేనివాడు దిమ్మరి కింద లెక్క. మూడు ఊళ్ల వాకిళ్ల దగ్గర కావలివాళ్లు జోస్ట్‌ను మెడపట్టి గెంటారు.

“నువ్వెళ్లరా. నాతోపాటు నీ కడుపెందుకు మాడ్చుకుంటావ్?” అన్నాడు జోస్ట్.

“నోర్ముయ్. నువ్వు లేకపోతే దార్లో నాకు అబద్ధాలెవడు చెప్తాడు?” అన్నాడు వెండెల్.

ఒక రాత్రి ఐజెనాహ్ ఊరి బయట, తలారి ఇంటికి కాస్త దూరంలో, ఒక గడ్డికొట్టంలో పడుకున్నారు. పొద్దున్నే వెండెల్ వాగుకు వెళ్లి నీళ్లు తెచ్చాడు. తలుపు తీసేసరికి జోస్ట్ దూలానికి వేలాడుతున్నాడు. ప్రాణం పోలేదు. కాళ్లు కొట్టుకుంటున్నాయి. మడమలు చెక్కగోడకు తగిలి టకటకమంటున్నాయి.

వెండెల్ నడుముకు కత్తి ఉంది. చెయ్యి చాచితే తాడు అందుతుంది. కానీ ఉరితాడును తలారి తప్ప ఇంకెవరు ముట్టుకున్నా మైల అంటుకుంటుందని, అలాంటివాణ్ని ఏ సంఘమూ గడప తొక్కనివ్వదని పనిలో చేరిన మొదటిరోజే నూరిపోస్తారు. జాలిపడి తాడు కోసిన దర్జీ ఒకడు చచ్చేదాకా అడుక్కుతిన్నాడని కథలు కూడా చెప్తారు. ఆ కథలు చెప్పిన నోళ్లు పడిపోను! వెండెల్ కత్తి పిడి మీద చెయ్యి వేశాడు, తీశాడు, మళ్లీ వేశాడు. తర్వాత వెనక్కి తిరిగి తలారి ఇంటివైపు పరుగెత్తాడు.

ముసలి తలారి వాకిట్లో కోళ్లకు గింజలు వేస్తున్నాడు.

“అయ్యా, తొందరగా రా! మావాడు ఉరేసుకున్నాడు. ఇంకా కాళ్లు కొట్టుకుంటున్నాడు!”

“కొట్టుకుంటున్నాడా? మరి నీ నడుముకున్నదేంటి నాయనా, గరిటా?”

తలారి ఆ ముసలికాళ్లతోనే పరుగు తీశాడు. తాడు కోసి, జోస్ట్‌ను నేలమీద పడుకోబెట్టి, చాలాసేపు గుండె రుద్దాడు.

“ఒళ్లింకా వెచ్చగానే ఉంది. కాస్త ముందు కోసుంటే ఈపాటికి లేచి నిన్ను తిడుతుండేవాడు,” అన్నాడు చేతులు దులుపుకుంటూ.

ఆ తర్వాత వెండెల్ లైప్‌చిగ్ వెళ్లాడు, మాగ్డెబుర్గ్ వెళ్లాడు, ఉప్పు పీపాలు చేసే లూనెబుర్గ్ దాకా వెళ్లాడు. వెళ్లిన ప్రతిచోటా పీపాకు పట్టీ బిగిస్తుంటే సుత్తి దెబ్బల మధ్య ఆ మడమల చప్పుడు వినిపించేది. సుత్తి ఆపినా అది ఆగేది కాదు.

“ఏంట్రా వెండెల్, పీపాలోంచి ఎవడైనా తలుపు కొడుతున్నాడా?” అని ఒకరోజు తోటివాళ్లు నవ్వారు.

వెండెల్ నిజంగానే పీపాలోకి వంగి చూశాడు. చాలాసేపు అలాగే చూశాడు. ఆ రోజు నుంచి అతనితో ఎవరూ పరాచికాలాడలేదు. దారిలో నడిచేటప్పుడు ఎడమపక్క ఒక మనిషికి చోటు వదిలి నడిచేవాడు. మూడేళ్లు కాస్తా ఆరేళ్లయ్యాయి. ఇంటికి వెళ్లాలంటే భయం, వెళ్లకపోతే దిగులు. ఆఖరికి వెళ్లాడు.

సంఘం పెద్దలు అతను చేసిన పీపాను నీళ్లు పోసి చూశారు. చుక్క కారలేదు. ఇక మేస్త్రీని చెయ్యడమే తరువాయి. కాగితాలూ ముద్రా దాచే సంఘం పెట్టె మూత తీశారు. ఆ పెట్టె తెరిచి ఉండగా ఎవరూ అబద్ధమాడకూడదు. అప్పుడు పెద్దమేస్త్రీ హీరోనిముస్ గొంతు సవరించుకున్నాడు.

“ఐజెనాహ్ దగ్గర నీ తోడు ఉరేసుకున్నాడని విన్నాం. ఆ తాడుగానీ, ఆ శవాన్నిగానీ నువ్వు ముట్టుకున్నావా?”

ఈ మాట ఎవరైనా అడుగుతారా అని వెండెల్ నాలుగేళ్లుగా ఎదురుచూశాడు. ఉన్నదున్నట్టు చెప్తే వీళ్లయినా తనను ఛీకొడతారు, వీధిలోకి గెంటుతారు. అప్పుడైనా జోస్ట్ శాంతిస్తాడేమో. మేస్త్రీగిరీ పోతే పోనీ అనుకున్నాడు.

“అప్పటికి శవం కాదు మేస్త్రీగారూ. బతికే ఉన్నాడు. నా దగ్గర కత్తి ఉంది. తాడు చేతికందేంత దూరంలో ఉంది. వాడలా కాళ్లు కొట్టుకుంటుంటే చూశాను. ముట్టుకోలేదు.”

హీరోనిముస్ గట్టిగా ఊపిరి వదిలాడు.

“అమ్మయ్య! ముట్టుకోలేదుగా?”

“బతికే ఉన్నాడంటున్నాను మేస్త్రీగారూ!”

“విన్నాం నాయనా. ఇంకొకడైతే తొందరపడి ఒళ్లు మైల చేసుకునేవాడు. చూశారా, కుర్రాడంటే ఇలా ఉండాలి.”

కాగితం మీద ముద్ర పడింది. గ్లాసుల్లో వైన్ పోశారు. పన్నెండుమంది మేస్త్రీలూ వరుసగా లేచి వచ్చి వెండెల్ కుడిచెయ్యి పట్టుకుని ఊపారు. చివర వచ్చిన ముసలాయనైతే ఆ చేతిని వెంటనే వదల్లేదు. వెలుతురులోకి తిప్పి చూశాడు.

“ఎంత శుభ్రమైన చెయ్యి!” అన్నాడు.