శనివారం జీతం

దేశం కాని దేశంలో, మనురేవా అనే పేటలో నేను పనిచేసిన కిరాణా షాపు యజమానిది ప్రొద్దుటూరు. బంగారం వ్యాపారుల ఊరు కదా, ఆయనకు నోట్లంటే గిట్టదు. గల్లాపెట్టెలోంచి ఇరవై డాలర్ల నోటు తీసి, వెలుతురుకు పట్టి మరీ నాకు పాఠం చెప్పేవారు.

“ఇది కాగితం గూడా కాదు పాపా, ప్లాస్టిక్కు. రాణిగారి బొమ్మ ఉండాది గాబట్టి చెల్లుతాది. ఒకప్పుడు నోటు వెనకాల బంగారం ఉండేది. ఇప్పుడేముంది? సర్కారోళ్ల మాట, అంతే.”

చదువు అయిపోయి, వర్క్ వీసా వచ్చిన కొత్త. వీసా మీద ఆయన షాపు పేరే ఉంది, ఇంకోచోట పని చేయడానికి లేదు. కాబట్టి ఆ ఉపన్యాసం రోజూ వినేదాన్ని. నిజం చెప్పొద్దూ, కొన్నాళ్లకు నమ్మేశాను కూడా.

వారానికి ఐదు రోజుల పని. నాలుగు రోజుల జీతం బ్యాంకులో పడేది. శనివారం జీతానికి బదులు రెండు గ్రాముల బంగారు బిళ్ల చేతిలో పెట్టేవారు. తూకంలో పిసరంత తేడా ఉండేది కాదు, ఆ మాట ఒప్పుకోవాలి. గుంటూరు పిల్లను, బంగారం ఇస్తానంటే వద్దంటానా! ఫోన్లో చెబితే అమ్మ మురిసిపోయింది.

“డాలర్లదేముందే, మంచినీళ్లలా ఖర్చయిపోతాయి. బంగారమైతే ఉంటుంది. అలాంటి మనిషి దొరకడం నీ అదృష్టం.”

శనివారానికి పేస్లిప్ అడగాలని ఒకటి రెండుసార్లు అనిపించింది. యజమానినైతే అడగొచ్చు. రోజూ అంకుల్ అని పిలిచే మనిషిని ఎలా అడుగుతాం? బిళ్లలన్నీ ఒక పాత సాక్సులో వేసి, ఫ్లాట్‌లో నా మంచం పరుపు కింద పెట్టుకున్నాను.

ఏడాదిన్నర గడిచాక వీసా పొడిగించుకోవాల్సి వచ్చింది. నగరానికి అవతలి పక్కనున్న న్యూ లిన్‌లో ఈ కాగితాలు చూసిపెట్టే ఒక తెలుగావిడ దగ్గరికి వెళ్లాను. ఆవిడ నా బ్యాంకు స్టేట్‌మెంట్లు తిరగేసి తలెత్తింది.

“కాంట్రాక్ట్‌లో ఫార్టీ అవర్స్ ఉందండీ. బ్యాంక్‌లో థర్టీ టూకే పడుతోంది. మిగతా ఎయిట్ అవర్స్ ఏవి?”

“బంగారం ఇచ్చారండీ.”

ఆవిడ పెన్ను కింద పెట్టేసింది. “ఈ మాట ఇంకెక్కడా అనకండి,” అంది. ఉన్నది ఉన్నట్టు చెబితే షాపు చిక్కుల్లో పడుతుంది, ఆ షాపును నమ్ముకున్న నా వీసా కూడా పోతుంది. చెప్పకపోతే గంటలు తక్కువయ్యాయని పొడిగింపు ఇవ్వరు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. తిరుగు రైల్లో ఆయన మీద కన్నా నా మీదే ఎక్కువ కోపం వచ్చింది. ఇంత దూరం వచ్చి నేను చదివింది అకౌంటింగ్ మరి!

ఆ శనివారం సాక్సు తీసుకెళ్లి, బిళ్లలన్నీ కౌంటర్ మీద పోశాను.

“అంకుల్, ఇవి వెనక్కి తీసుకోండి. ఆ డబ్బు జీతం అని రాసి బ్యాంకులో వేయండి.”

ఆయన ముఖం చిన్నబోయింది. నటన కాదు, నిజంగానే మనసు కష్టపెట్టుకున్నారు.

“బంగారమిచ్చి ప్లాస్టిక్కు తీసుకుంటావా? మతి గానీ పోయిందా పాపా నీకు?” అన్నారు. తర్వాత గొంతు తగ్గించారు. “పాత శనివారాలన్నీ ఇప్పుడు రాస్తే ట్యాక్సోళ్లు నన్ను బతకనిస్తారా?”

“నా వీసా పోతుంది అంకుల్.”

“పోతే పోనీ. నీ కాడ బంగారం ఉండాది గదా. యే దేశంలోనైనా చెల్లుతాది.”

“బంగారం చెల్లుతుంది. మరి నేను చెల్లొద్దా?”

ఆయన బిళ్లల్ని ఒక్కొక్కటే గుడ్డతో తుడిచి, మళ్లీ సాక్సులో వేసి, నా వైపు జరిపారు. ఇంతలో బియ్యం కోసం ఎవరో వచ్చారు. బస్తా నేనే దించాను.

సాయంత్రం షట్టరు వేశాక, ఏమీ జరగనట్టే కొత్త బిళ్ల ఒకటి తీసి నా ముందు పట్టుకున్నారు. వద్దంటే ఆ రోజు చాకిరీకి అదీ దక్కదు. తీసుకుంటే ఇంకో ఎనిమిది గంటలు లెక్కలోంచి పోతాయి. ఆయన చెయ్యి అలాగే ఉంచారు. నేను చెయ్యి చాచాను.