ఏనుగుకు వీపు పెట్టి నిలబడిన ఏట్టయ్య

2022 చివర్లో, రాగి కోతల కాలంలో జరిగిన సంగతి ఇది. బర్గూరులో మెయిన్ రోడ్డుకు కాస్త లోపలగా మాకొక గ్రానైట్ వర్క్‌షాపు ఉంది. మా నాయన కాలంలో అదొక రేకుల పంచ, అందులో నాలుగు ఉలులు, రెండు సుత్తులు. ఇప్పుడు కటింగ్ మెషీను, పాలిష్ మెషీను, అక్షరాలకు శాండ్ బ్లాస్టింగ్ వచ్చాయి. శాండ్ బ్లాస్టింగ్ అంటే పెద్ద బ్రహ్మవిద్యేమీ కాదు. రాయి మీద రబ్బరు షీటు అంటించి, అక్షరం ఆకారాన్ని కత్తిరించి, ఆ సందులోకి గాలితో ఇసుక కొట్టడం. ప్రారంభోత్సవం పలకలు, ఇంటి పేర్లు, సమాధి రాళ్ళు అన్నీ అలాగే అయిపోతాయి. బొమ్మ ఉంటే మాత్రం నేనే ఉలి పట్టుకుంటాను. నలభై ఏళ్ళుగా చెక్కిన బొమ్మల్లో ఒకదాన్ని నేను తప్పు చెక్కాను. ఆ తప్పు గురించే రాస్తున్నాను.

ముందు మునిరాజు గురించి చెప్పాలి. ఆయన మా ఊళ్ళో ఆరేళ్ళు హెడ్ కానిస్టేబులు. తమిళంలో హెడ్ కానిస్టేబుల్‌ని ఏట్టు అంటారు. మేం దానికి అయ్య తగిలించి ఏట్టయ్య అని పిలిచేవాళ్ళం. కాలేజీ బస్సులు మళ్ళే కూడలిలో పొద్దున్నే ఆయన విజిల్ వినిపిస్తే మేం మెషీన్లు ఆన్ చేసేవాళ్ళం. ఎండెక్కాక మా దగ్గరికి వచ్చి, నీళ్ళ పైపుతో మొహం కడుక్కుని, టోపీ మోకాలికి తగిలించుకుని, పాలిష్ కాని పలక ఒకటి చూసుకుని కూర్చునేవాడు. తమిళంలో తిట్టాడంటే కేసు, కన్నడంలో తిట్టాడంటే లారీ ఆపాలి, తెలుగులో తిట్టాడంటే మనమీద ప్రేమ అని మా పనివాళ్ళు తేల్చేశారు. నన్నెప్పుడూ తెలుగులోనే తిట్టాడు.

"ఏమప్పా మేస్త్రీ, మాస్కు యాడ? ఈ దుమ్మంతా మింగితే రేపు నిన్ను కోసినా లోపల గ్రానైటే ఉంటాది!"

"మాస్కు కడితే ఊపిరాడదు ఏట్టయ్యా."

"కట్టకపోతే అసలే ఆడదు. పెద్ద చెప్పొచ్చినావు."

మర్నాడు పాత యూనిఫాం గుడ్డతో వాళ్ళావిడ రత్నమ్మ కుట్టిన మాస్కులు పది తెచ్చి పడేశాడు. ఖాకీ మూతులతో మేం రాళ్ళు కోస్తుంటే, దారినపోయే వాళ్ళు పోలీసులకు ఇదేం కర్మరా అని నిలబడి చూసేవారు. ఆ రోజులు తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది, వెంటనే కళ్ళల్లో నీళ్ళూ వస్తాయి. తర్వాత ఆయనకు శూళగిరి పక్కకు బదిలీ అయింది. సొంత పల్లెకు దగ్గర అని సంబరపడుతూ పోయాడు.

రాగి చేలు కోతకొచ్చే నాటికి అడవి నుంచి ఏనుగులు దిగడం ఆ పక్క ఏటా ఉన్నదే. ఆ ఏడు ఒక పొద్దున మంద ఒకటి రోడ్డు పక్కనున్న చెరువులోకి దిగింది. బస్సులు, కార్లు ఆగిపోయాయి. జనం దిగి సెల్‌ఫోన్లు ఎత్తారు. వాళ్ళను వెనక్కి తోసే డ్యూటీ మునిరాజుది. గున్నతో ఉన్న తల్లి ఏనుగు ఒకటి ఉన్నట్టుండి గట్టెక్కి వచ్చింది. జనంలో ఎవరికీ ఏమీ కాలేదు. ఏట్టయ్య పోయాడు. డిపార్ట్‌మెంటు వాళ్ళు గాలిలోకి తుపాకులు పేల్చి మర్యాద చేశారు. అంత్యక్రియలకు నేనూ వెళ్ళాను. కట్టె మీద జెండా కప్పి ఉంటే దగ్గరికి పోయి చూడలేక, వచ్చిన దారినే తిరిగొచ్చాను.

నెల తర్వాత ఆయన పెదనాయన కృష్ణప్ప మా వర్క్‌షాపుకు వచ్చాడు. డెబ్బై దాటిన పెద్దరైతు, మాట తక్కువ మనిషి. "మావోడికి వీరగల్లు నిలపాలప్పా" అన్నాడు. ఊరి కోసమో, ఆవుల మంద కోసమో పోరాడి చచ్చినవాడికి నిలిపే రాయి వీరగల్లు. మా పక్క పొలం గట్ల మీద వందల ఏళ్ళ నాటివి ఇంకా ఉన్నాయి. ఏటా పసుపు పూసి టెంకాయ కొడతారు. వాళ్ళ పొలంలోనే రెండున్నాయి. మూడోది మునిరాజుదట.

"ఏనుగుకు ఎదురుగా నిలబెట్టు. లాఠీ పైకెత్తి ఉండాల" అన్నాడు.

"అట్లే జరిగిందా అప్పా?" అని అడిగాను.

ఆయన గొంతు తగ్గించాడు. "దెబ్బ వీపు మీదంట. ఆసుపత్రి కాగితంలో అట్లే రాసినారంట. ఊళ్ళో కొందరు, పరిగెత్తతా ఉంటే తగిలింది అంటా ఉండారు. ఆ నోళ్ళు మూయాల కదప్పా."

మా నాయన చెప్పేవాడు, వీరగల్లులో వీరుడికి వీపు మీద గాయం ఉండకూడదని. దెబ్బ రొమ్ము మీద పడితేనే రాయి, వీపు మీద పడితే పేరు కూడా పలకరని. కృష్ణప్ప భయం నాకర్థమైంది. సరేనన్నాను. ఏట్టయ్య మీద ప్రేమతోనే సరేనన్నాను, కానీ ప్రేమతో చేస్తే మాత్రం తప్పు ఒప్పవుతుందా? ఇరవై రోజులు కూర్చుని చెక్కాను. తొండమెత్తిన ఏనుగు, దాని ఎదుట లాఠీ ఎత్తిన ఏట్టయ్య. పాత రాళ్ళలో లాగే మొహం పక్కకు తిరిగి ఉంటుంది. మీసం బాగా కుదిరిందని నాలో నేనే మురిసిపోయాను.

రాయి తీసుకుపోవడానికి రెండు రోజుల ముందు రత్నమ్మ ఒక్కతే బస్సెక్కి వచ్చింది. గోనెపట్టా తీసి చూపించాను. కిందినుంచి పైదాకా చూసింది.

"ఇదెవరప్పా?"

"ఏట్టయ్యేనమ్మా."

"మా ఆయప్ప ఇట్ల లేడే."

కృష్ణప్ప చెప్పిన మాటలు, ఊళ్ళో గుసగుసలు నెమ్మదిగా చెప్పాను. ఆమె ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. ఆమెకు మండిపోయింది.

"మా ఊరి తేరుకు ఎన్ని ఏండ్లు బందోబస్తు చేసినాడో తెలుసునా? ఒక్క పొద్దన్నా తేరు చూసినోడు కాదు. తేరుకు వీపు, జనానికి మొగం. క్రికెట్ ఆడేకాడ డ్యూటీ ఏసినా అంతే. ఎవరు గెలిచినారయ్యా అంటే, నాకేం తెలుసు, నేను జనాన్ని చూస్తా ఉంటి అనేటోడు. అదే ఆయప్ప పని. ఏనుగు కాడ మాత్రం ఇంకోరకంగా నిలబడతాడా? జనం పక్క తిరిగి ఉండేటోడికి దెబ్బ వీపు మీద కాకుండా యాడ తగలాలప్పా?"

గోనెపట్టా మళ్ళీ రాయి మీద కప్పేశాను. ఆరేళ్ళు ఆ కూడలిలో ఆయన్ను చూసినవాణ్ణి నేను.

"మీరు ఇట్ల దాచిపెడితే, దాచినారు కాబట్టి పరిగెత్తింది నిజమే అంటారు. నా బిడ్డ కాలేజీలో ఉంది. మీ నాయన పారిపోయినాడంట కదా అని ఎవరన్నా అంటే అది ఏం చెప్పాల?" అని అడిగి, "ముందర నిలబడి చూసినోడు ఒకడుండాడు. మూకండపల్లిలో ఫ్యాక్టరీ మనిషంట, పేరు గోవిందు. ఆయనను కాపాడేదానికే మా ఆయప్ప పోయినాడని స్టేషనోళ్ళు చెప్పినారు. ఇంతవరకు మా గడప తొక్కలే. పోయి అడిగి, ఆ తర్వాత చెక్కు" అంది.

స్టేషన్లో మునిరాజు స్నేహితుడొకడు అడ్రసు ఇచ్చాడు. పొద్దున్నే హోసూరు బస్సెక్కాను. మూకండపల్లిలో వరస ఇళ్ళ మధ్య ఒక గది. తలుపు తీసిన మనిషిని చూసి నివ్వెరపోయాను. ఎవడో కుర్రవాడనుకున్నాను. తల సగం నెరిసిన మనిషి, నాకంటే ఓ పదేళ్ళు చిన్న. నైట్ షిఫ్టు నుంచి అప్పుడే వచ్చినట్టున్నాడు, షర్టు కూడా మార్చలేదు. ఏట్టయ్య పేరు చెప్పగానే మంచం మీద కూలబడ్డాడు.

"కల్లావిలో మా ఇల్లు అన్నా. లీవు పెట్టి పోతా ఉంటి. బస్సు ఆగిపోయింది. మా పిల్లకాయలకు చూపిద్దామని ఫోను తీసినాను. అందురూ ఎనక్కి పోయినారు. నేను పోలే. ఇంకా రెండడుగులు ముందుకే పోయినాను."

"పోలీసులకు చెప్పినావా ఇది?"

"ఆయప్ప నన్ను తోసినాడు అని మాత్రం చెప్పినా. వీడియో చూపించలే." ఫోను తీసి నా చేతిలో పెట్టి, మొహం గోడవైపు తిప్పుకున్నాడు.

కొన్ని సెకండ్ల వీడియో అంతే. గాలి చప్పుడు తప్ప ఏమీ వినిపించదు. నీళ్ళలో ఏనుగులు ఆడుతుంటాయి. ఏట్టయ్య తెరలోకి వస్తాడు. రెండు చేతులూ బార చాపి, మనవైపే మొహం పెట్టి, అడుగులో అడుగు వేస్తూ వస్తాడు. వెనక తల్లి ఏనుగు గట్టెక్కుతుంది. నేల అదిరినట్టు ఫోను కూడా అదురుతుంది. ఆయనకు తెలుసు, ఆ మొహంలో తెలుస్తూనే ఉంది. అయినా వెనక్కి తిరగడు. చూపు గోవిందు మీదే. ఆయన అరచెయ్యి తెరను కప్పేస్తుంది. అక్కడితో సరి.

గోవిందు చెంప పగలగొట్టాలనిపించింది, దాచడమెందుకు? ఫోను తిరిగిస్తే అతను తెర చూడకుండా బోర్లించి మంచం మీద పెట్టాడు. నా కోపం ఎటు పోయిందో తెలియదు. "ఇది వాళ్ళ పెద్దాయనకు చూపించల్ల" అన్నాను. "కొడతారన్నా" అన్నాడు. "కొడితే కొట్టించుకో" అన్నాను.

ఆదివారం అతను నిజంగానే బర్గూరు వచ్చాడు. కృష్ణప్ప మా వర్క్‌షాపులో నిలబడి ఆ వీడియో రెండుసార్లు చూశాడు. కండువాతో కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. గోవిందును ఒక్క మాట అనలేదు. "రాయి మార్చప్పా" అని నాతో చెప్పి బయటికి నడిచాడు. తర్వాత రత్నమ్మకు ఫోన్ చేసి, వీడియో చూస్తారా అమ్మా అని అడిగాను. "నాకొద్దప్పా. నాకు తెలిసిందే కదా అది" అంది.

రాతి మీద తప్పును చెరిపే రబ్బరు ఇంతవరకు ఎవరూ కనిపెట్టలేదు. ఒక గీత పోవాలంటే ఆ గీత ఎంత లోతుందో అంత లోతుకూ రాయి మొహమంతా గ్రైండ్ చేసి దించాలి. వెనకవైపు తిప్పి చెక్కితే సరిపోతుంది కదా అని మా వాళ్ళు అన్నారు. అబద్ధాన్ని వీపున మోసే రాయిని ఏట్టయ్య పేరుతో నేను నిలపలేను. గ్రైండర్ పట్టి నేనే అరగదీశాను. ఇరవై రోజుల పని ఒక్క పూటలో తెల్లటి దుమ్మయిపోయింది. ఆ మీసం పోతున్నప్పుడు మాత్రం కాస్త చివుక్కుమంది, దాపరికమెందుకు.

ఇప్పుడు అసలు కష్టం మొదలైంది. ఉబ్బెత్తు బొమ్మలో పక్కచూపు మొహం సులువు, ముక్కూ గడ్డమూ ఒకే గీతలో వచ్చేస్తాయి. ఎదురుగా చూసే మొహానికి ముక్కు ముందుకు రావాలి, ఉలి ఒక్క దెబ్బ ఎక్కువైతే ముక్కు ఎగిరిపోతుంది. పైగా రాయి పలచబడింది, ఒకరి ముందు ఒకరిని చెక్కేంత లోతు లేదు, దాని మీద ఏనుగు, ఏట్టయ్య, గోవిందు ముగ్గురూ పట్టరు. రత్నమ్మనే అడిగాను. "కాపాడినోణ్ణి చూపించకపోతే, ఎవురి కోసం చేతులు చాపినాడో తెలీదు కదమ్మా?"

"రాయి ముందర మనుషులొచ్చి నిలబడరా? వాళ్ళు సాలరా?" అంది.

అంత చిన్న మాట నాకెందుకు తట్టలేదో! వెనక ఏనుగు, ముందు ఏట్టయ్య. చేతులు రెండూ బార చాపి, నిలబడి చూసేవాడి కళ్ళల్లోకే చూస్తుంటాడు. విజిల్ తాడు కూడా చెక్కాను. లాఠీ చెక్కలేదు.

ఈ పని నాకు నేర్పింది ఏమిటో ఇక్కడే చెప్పేస్తాను, చివర్లో చెప్పబోతే నావల్ల కాదు. ఇప్పుడెవరు సమాధి రాయి కోసం వచ్చినా ముందు కొలతలు అడగను. ఆ మనిషి పని చేసేటప్పుడు ఎలా నిలబడేవాడు, ఎటు చూసేవాడు అని అడుగుతాను. జవాబు తెలిసిన మనిషి ఇంట్లో ఒకరు తప్పకుండా ఉంటారు. ఎక్కువసార్లు రాయి ఆర్డరిచ్చేవాళ్ళు వాళ్ళు కారు.

కృష్ణప్ప పొలంలో రాయి నిలిపిన పొద్దున ఊరంతా వచ్చింది. గుసగుసలాడిన వాళ్ళూ వచ్చారు. గోవిందు కూడా వచ్చి, అందరికీ వెనక, చింతచెట్టు పక్కన నిలబడ్డాడు. కృష్ణప్ప అతన్ని చెయ్యి పట్టుకుని ముందుకు తెచ్చి, ఊరివైపు తిప్పి, "చెప్పప్పా" అన్నాడు.

"అందురినీ పొమ్మన్నాడు. అందురూ పోయినారు. నేను పోలే" అన్నాడు గోవిందు. "ఆయప్ప పారిపోలే. నా కోసరం వచ్చినాడు. ఏనుగు వస్తా ఉందని తెలిసే వచ్చినాడు."

కృష్ణప్ప వంగి, రాయికి తొలి పసుపు తానే పూశాడు.

రత్నమ్మ అతన్ని చూడటం అదే మొదలు. ఆమె దగ్గరికి వచ్చి, అతని మొహంలోకి చూసింది.

"పిల్లకాయలు ఎంతమందప్పా?"

"ఇద్దురమ్మా."

"ఇంటికి పో. వాళ్ళు చూస్తా ఉంటారు."

గోవిందు రాయికి దండం పెట్టాడు. తర్వాత దాని మీదినుంచి చూపు తిప్పకుండా, ఒక్కో అడుగే వెనక్కి వేసుకుంటూ పోయాడు.