పన్నెండు కాదు, పదిహేను

ఆమె దర్జీ. ముందుగదిలో కుట్టుమిషను, పక్కన చాప, చాప మీద పదకొండేళ్ల కూతురు. పిల్లను బడికి పంపకుండా ఇంట్లోనే చదివించడానికి ఆమె అనుమతి తెచ్చుకుంది. కూతురు ఖురాన్ మొత్తం కంఠస్థం చేయాలని ఆమె కోరిక. ముప్పై భాగాల్లో పద్దెనిమిది అయ్యాయి.

తెల్లవారుజామున ఫజర్ నమాజు తర్వాత కొత్త పాఠం. ఆపైన నిన్నటిది. ఎండెక్కాక పాత భాగాల్లో ఒకటి. తల్లి ఖురాన్ తెరిచి పట్టుకుంటుంది, పిల్ల చూడకుండా చదువుతుంది. ఒక్క మాట మారినా వింటున్నవాళ్లు వెంటనే సరైనది అందించాలి. మారిస్తే పాపం. విని ఊరుకున్నా తప్పే.

అనుమతికి షరతు ఉంది. బడిపిల్లల పుస్తకాలే చదవాలి. ఏడాదికి రెండుసార్లు విద్యాశాఖ అధికారిణి ఇంటికి వచ్చి పరీక్షిస్తుంది. మొదటిసారి పిల్ల లెక్కల్లో తప్పింది. మళ్లీ తప్పితే అనుమతి రద్దు.

నలభై రోజులు మిగిలాయి. పాత భాగాలకు ఉన్న గంటన్నరను ఆమె లెక్కలకు ఇచ్చేసింది. ఆ రోజు మిషను సూది రెండుసార్లు విరిగింది. లారీ నడిపే భర్త ఫోనులో, ఎవరైనా మాస్టారిని పెట్టుకోమన్నాడు. ఆమె వినలేదు.

ఇరవై రోజులకే పిల్లకు లెక్కల పుస్తకమంతా వచ్చేసింది. ఏ పేజీ అడిగినా తడుముకునేది కాదు. ఆమె బట్ట అంచు మడుస్తూ, పుస్తకం చివరి జవాబులతో సరిచూసేది. ఒక్కటీ తప్పు పోలేదు. గుండెల మీద బరువు దిగినట్టయింది.

అధికారిణి శనివారం వచ్చింది. పుస్తకం తిరగేసి ఓ లెక్క ఎంచుకుంది. అంకె మార్చి అడిగింది.

"ఆరుగురు కూలీలు ఒక గోడను పది రోజుల్లో కడతారు. పన్నెండు మందైతే ఎన్ని రోజులు పడుతుంది?"

పిల్ల మర్యాదగా సరిదిద్దింది.

"పన్నెండు కాదు మేడమ్, పదిహేను మంది. నాలుగు రోజులు."

అధికారిణికి నవ్వొచ్చింది. పదిహేను మందిని పిలిస్తే ముగ్గురు రాలేదనుకోమంది. పిల్ల తల్లి వైపు చూసింది. పుస్తకంలో అందరూ వచ్చారంది. ఇంకో లెక్క, ఇంకో అంకె. ప్రతిసారీ పిల్ల పుస్తకంలోని అంకెనే అందించింది.

అధికారిణి నవ్వు ఆగిపోయింది. ఇంత జ్ఞాపకశక్తి తానెక్కడా చూడలేదంది, కానీ ఇది లెక్కలు రావడం కాదంది. తల్లి ఇంకో నెల అడిగింది. చేతులు పట్టుకుని అడిగింది. సోమవారం నుంచి బడి, ఎనిమిది నుంచి నాలుగు వరకు, అని రాసి అధికారిణి కాగితం ఇచ్చి వెళ్లిపోయింది.

సాయంత్రం భర్త ఫోను చేశాడు. "మేడమ్‌కే తప్పులు దిద్దిందా? అచ్చం నీ కూతురే," అన్నాడు.

ఆదివారం ఎండెక్కాక ఆమె పన్నెండో భాగం చదవమంది. నలభై రోజులుగా వినని భాగం. మొదటి పేజీ సాఫీగా సాగింది. రెండో పేజీలో పిల్ల ఆగింది. ఆమె అందించింది. మళ్లీ ఆగింది. మళ్లీ అందించింది. నాలుగో పేజీకి వచ్చేసరికి తల్లి గొంతే ఎక్కువ వినిపిస్తోంది.

పిల్ల తల దించుకుంది.

"రేపు ఈ వేళకు సరిగ్గా చదువుతానమ్మీ."

"రేపు బడి తల్లీ," అంది ఆమె.