బుచ్చిబాబు రాసిన లైటు కాగితం

ముప్ఫయినాలుగులో ఏలూరులో గ్యాసు లైట్లమ్మే కొట్లో నేను రిపేరు పని చేసేవాణ్ణి. బుచ్చిబాబు గుమాస్తా. అతను రాయలేని సంగతి లేదు, చెయ్యగలిగిన పని నేను చూడలేదు. లైటు కొన్నవాళ్లకివ్వడానికి, వాడే పద్ధతి తెలుగులో రాయమని యజమాని జోగారావుగారు అతనికే పురమాయించారు.

మూడు పేజీలు రాశాడు. లైటు సూర్యుడి తమ్ముడట. చివర్న ఇరుకుగా ఒక ముక్క: "సుకుమారమైన మేంటిలును యథోచితముగా అమర్చి ప్రజ్వలింపజేయవలెను." మేంటిలంటే లైటులో వెలిగే గుడ్డ సంచి. ఒకసారి కాలాక అది ఉత్త బూడిద, వేలు తగిలితే రాలిపోతుంది. ఆ మాట ఎక్కడా లేదు.

భీమడోలు వరమ్మ గేదెనమ్మి లైటు కొంది, పెళ్లి ఊరేగింపులకు అద్దెకిచ్చి బతుకుదామని. మొదటి పెళ్లికి బాగానే వెలిగింది. మర్నాడు లాంతరు చిమ్నీ తుడిచినట్టే మేంటిలునూ తుడిచింది. మా వైపు తుడవకుండా దీపం పెట్టే ఆడది లేదు. మేంటిలు పిండిలా రాలింది. ఆ రాత్రి రెండో పెళ్లివారు కాగడాలతో ఊరేగారు. తరవాతి పెళ్లివారు, ఈసారీ ఇలాగైతే ఇక నీ లైటు ఎవరూ తీసుకోరన్నారు.

ఆ పెళ్లినాడు పొద్దున్న రైలుకి ఆమె కొట్టుకొచ్చింది.

"సుకుమారమైనదని రాశాను కదండీ," అన్నాడు బుచ్చిబాబు.

"మా మనవరాలూ సుకుమారమేనండీ. రోజూ మొహం తుడుస్తాను, రాలిపోలేదు."

"ఎవరిచేతైనా చదివించుకోవాలండీ."

"కరణంగారు చదివారండీ. ఎంత బాగా రాశాడోనన్నారు. తుడవొద్దని మాత్రం అనలేదు."

జోగారావుగారు పేపరు మడిచారు. "నువ్వే వెళ్లి వెలిగించి రావయ్యా." నన్నూ తోడు పంపారు.

దీపాల వేళ పెళ్లివారి వాకిట్లో బుచ్చిబాబు మేంటిలు కట్టి కాల్చాడు. వంకరగా ఉందనిపించి వేలితో సర్దాడు. రాలిపోయింది. పెళ్లికొడుకు తండ్రి కాగడాలు తెమ్మని కేకేశాడు.

వరమ్మ లైటు లాక్కుంది. "మీరు కూర్చోండి బాబూ." నావైపు తిరిగింది. "ఏం చెయ్యకూడదో ముందు చెప్పండి."

నాలుగు ముక్కలు చెప్పాను. కొత్త మేంటిలు కట్టి, కాల్చి, దాన్ని ముట్టుకోకుండా పంపు కొట్టింది. వాకిలంతా తెల్లబడింది. ఊరేగింపు విడిదికి చేరేదాకా లైటు ఆరలేదు. అక్కడే ఇంకో పెళ్లికి ఆమెను మాట్లాడుకున్నారు.

తిరుగు రైల్లో బుచ్చిబాబు కాగితం తిరగరాశాడు. వరమ్మ ధైర్యం మీద ఒక పేజీ పెరిగింది. ముట్టుకోవద్దన్న మాట అందులోనూ లేదు.