బాబాయి మార్జిపాన్ పండ్లు

మా బాబాయి ముప్పై నాలుగేళ్ళు కట్టుడు పళ్ళు తయారుచేశాడు. ఎవరైనా ఆయన ముందు నవ్వితే మనిషిని వదిలేసి నోటి వంకే చూస్తాడు. బస్సులో ఎదుటి సీటు పెద్దాయన ఆవలిస్తే నన్ను మోచేత్తో పొడిచి, "పై వరస మనదే" అంటాడు. ఆ పెద్దాయనతో మాత్రం ఒక్క ముక్క అనడు. అంటే పరువు పోతుందట. ఎవరి పరువు బాబాయ్ అంటే, "పంటి పరువమ్మాయ్" అంటాడు.

ఆయన వృత్తిలో మెప్పంటే ఎవరూ గమనించకపోవడమే. పెట్టుడు పన్నని ఒక్కరు కనిపెట్టినా ఆ సెట్టు దండగ కింద లెక్క. అందుకని మరీ తెల్లగా, మరీ తిన్నగా చేసేవాడు కాదు. కాఫీ రాయుళ్ళకు కాస్త పసుపు కలిపేవాడు. ఎక్కడో ఒక పన్ను కావాలని వంకర పెట్టేవాడు. "దేవుడే అన్నీ తిన్నగా పెట్టలేదు, మధ్యలో నేనెవర్ని?" అనేవాడు.

కిందటేడు ఆయన పనిచేసే పళ్ళ ల్యాబులోకి మెషీను దిగింది. కంప్యూటర్లో బొమ్మ గీసి మీట నొక్కితే పన్ను చెక్కి చేతిలో పెడుతుంది. యజమాని బాబాయికి ఒక గోడగడియారం బహుమతిగా ఇచ్చి ఇంటికి పంపేశాడు. ఇక ఎక్కడికీ వెళ్ళక్కర్లేని మనిషికి టైము చూసే వస్తువు ఇచ్చిన ఆ మహానుభావుడి బుద్ధికి నేనిప్పటికీ జోహార్లంటాను.

ఇంట్లో ఆయన చేతులు ఊరుకోలేదు. ఉద్యోగం పేరు చెప్పి వాళ్ళింట్లో మకాం వేసినదాన్ని గనుక అన్నీ నా కళ్ళముందే జరిగాయి. ఒకరోజు సబ్బు కోసం చెయ్యి చాపితే దాని మీద మూడు దవడ పళ్ళు మొలిచి ఉన్నాయి. కొవ్వొత్తికి కోరలొచ్చాయి. పిన్ని లబోదిబోమంది. ఆవిడ ఆసుపత్రి లాండ్రీలో సూపర్‌వైజరు. ఆవిడ ప్రపంచంలో సబ్బుకి చాలా గౌరవం ఉంది.

అలాంటి రోజుల్లో మా వీధి మలుపులోని బేకరీలోకి మార్జిపాన్ పండ్లు వచ్చాయి. బాదంపప్పూ పంచదారా కలిపి నూరిన ముద్దతో బుల్లి బుల్లి పండ్లు చేసి రంగు వేస్తారు. బాబాయి వాటిని చూసి అద్దం మీద ముక్కు ఆనించాడు.

"ఇది యాపిలా? బంతికి ఎర్ర రంగు పూసినట్టుంది."

రొట్టె కొనడానికొచ్చి రోజూ ఏదో ఒక వంక పెట్టే ఈ మనిషితో బేకరీ ఆవిడకు అప్పటికే తల ప్రాణం తోకకొచ్చింది. "అయితే మీరే చేసి తెండి మాస్టారూ. శనివారం షోకేసులో పెడతాను. అమ్ముడుపోతే వారం వారం మీరే చేద్దురుగాని. పోలేదనుకోండి, ఇక నా సరుకు జోలికి రాకూడదు" అంది.

ఆయన సరేనని ఇంటికొచ్చి ఇస్త్రీ చొక్కా తొడుక్కున్నాడు. వంటింట్లోకి వెళ్ళడానికి ఇస్త్రీ చొక్కా! నవ్వు వచ్చింది, మరుక్షణం జాలీ వేసింది. పొద్దున్నే లేచి తయారవడానికి ఆయనకో పని కావాలి. ఆ పని దొరకడం ఒక ట్రే పండ్ల మీద ఆధారపడి ఉంది.

బాదంపప్పులు వేడినీళ్ళలో వేసి పొట్టు వలిచే పని నాకు పడింది. వేళ్ళ మధ్య నొక్కితే పప్పు తుర్రున ఎగిరి బీరువా కిందకు పోతుంది. వలిచినవి గుడ్డ మీద ఆరాలి. ఆ తరువాత మిక్సీలో ఆగి ఆగి తిప్పాలి. బాబాయి ఆగకుండా తిప్పాడు. పప్పు వేడెక్కి నూనె కక్కి జిడ్డుముద్ద అయి కూర్చుంది. రెండోసారి ఓపిక పట్టాడు. మెత్తటి పొడిలో జల్లించిన పంచదార పొడి, నాలుగు చెంచాల గులాబీ నీళ్ళు కలిపి పిసికితే చెవి తమ్మెలాగా మెత్తగా సాగింది. దాన్ని తడిగుడ్డ కింద దాచి, పళ్ళ అచ్చులకు మైనం చెక్కే పాత కత్తులు బయటికి తీశాడు.

ఇక ఆ రెండు రోజులూ ఇంట్లో నేనున్నానన్న సంగతే ఆయనకు గుర్తులేదు. పిన్నికి మాత్రం అంతా అయ్యాకే చూపించాలని, ఆవిడ డ్యూటీ నుంచి వచ్చేలోపు అన్నీ బీరువాలో దాచేసేవాడు. నారింజ తొక్క మీద గుంటలు సూదితో ఒక్కొక్కటే పొడిచాడు. యాపిల్ మీద ఎండ తగిలిన వైపు ఎరుపు, తగలని వైపు ఆకుపచ్చ. బేరిపండుకి అడుగున గోధుమరంగు మచ్చ కూడా వేశాడు, కింద పడి దెబ్బ తిన్నట్టు. శుక్రవారం మధ్యాహ్నానికి ఇరవై నాలుగు పండ్లు తయారయ్యాయి. అన్నీ ఒకచోట ఎలా ఉంటాయో చూద్దామని బల్లమీది పండ్ల బుట్టలో సర్ది, మురిసిపోయి, కాస్త నడుం వాల్చాడు.

పిన్ని డ్యూటీ నుంచి వచ్చింది. ఆవిడ ఇంట్లో బయటి వస్తువేదైనా ముందు నీళ్ళలో మునిగి తరువాతే మనుషుల్లో కలుస్తుంది. పండ్లయితే ఉప్పునీళ్ళు. నేను స్నానం చేసి వచ్చేసరికి వంటింట్లోంచి కేకలు వినిపిస్తున్నాయి.

"ఏమండీ! ఎక్కడ కొన్నారివి? రంగులేసి అమ్ముతున్నారు దొంగవెధవలు! నీళ్ళు చూడండి ఎలా అయ్యాయో. బుల్లి రకమని మోజుపడ్డారు గానీ ఆ బేరిపండు మచ్చైనా చూసుకోవద్దూ?"

బాబాయి లేచి వచ్చి గిన్నెలోకి చూశాడు. ఎర్రటి నీళ్ళలో ఇరవై నాలుగు పండ్లూ కరిగి జావ అవుతున్నాయి. నేను తలుపు చాటుకు జారుకున్నాను.

"మచ్చ కనిపించిందా?" అన్నాడు నెమ్మదిగా.

"కళ్ళున్నాయిగా నాకు!"

"కుళ్ళిన మచ్చే అనుకున్నావా?"

"మరేమనుకోవాలి?"

బాబాయి నవ్వడం మొదలుపెట్టాడు. గడియారం ఇంటికొచ్చాక ఆయన అలా నవ్వగా నేను చూడలేదు. సంగతి తెలిసి పిన్ని నెత్తిన చేతులు పెట్టుకుని స్టూలు మీద కూలబడింది. ఆయన ఆవిడనే ఓదార్చాడు. "పిచ్చిదానా, ముప్పై ఏళ్ళుగా నన్ను చూస్తున్న నువ్వే మోసపోయావు. ఇంట గెలిచాను. ఇక రచ్చే."

చేసిన తప్పుకి పిన్ని కూడా మాతో పాటు కూర్చుంది. సాయంత్రమంతా ముగ్గురం పనిచేసినా బాబాయివి పదహారే తెమిలాయి. మిగతా ఎనిమిదీ పిన్నివి. అబద్ధమాడితే అన్నం పుట్టదు, ఆవిడ యాపిల్ ఉల్లిపాయకూ వంకాయకూ మధ్య ఎక్కడో ఆగిపోయింది. ఒంటినిండా వేళ్ళ గుర్తులే. బాబాయి మర్యాదగా వాటిని ట్రేలో వెనకవరసలో దాచాడు.

శనివారం పొద్దున బేకరీలో ఓ మూల బల్ల మీద కూర్చున్నాం. మొదట ఒకాయన వచ్చి, "పండ్లు కూడా పెట్టారా? ఈగలు వాలతాయి, మూత పెట్టండి" అన్నాడు. బాబాయి నా మోకాలు గిల్లాడు. ఇంకొకావిడ నారింజని వేలితో నొక్కబోయి, "నిన్నటివా?" అని అడిగి పక్కకు తప్పుకుంది. బాబాయి ముఖం వెలిగిపోతోంది. ఇంకో అరగంటకు అది నెమ్మదిగా వాడిపోయింది. అందరూ మోసపోతున్నారు, ఒక్కరూ కొనడం లేదు.

"మిఠాయిలని ఒక చీటీ రాసి పెడదాం బాబాయ్" అన్నాను.

"పంటి మీద చీటీ అంటిస్తారటే ఎక్కడైనా?" అని కసురుకున్నాడు.

ఇంతలో ఒక ముసలావిడ వెనకవరసలోకి తొంగిచూసింది. "అయ్యో, ఇవేంటే, ముద్దొస్తున్నాయి! ఎవరో చేత్తో చేసినట్టున్నారే" అని మూడు కట్టించుకుంది. మధ్యాహ్నానికి పిన్ని ఎనిమిదీ అయిపోయాయి. బాబాయి పదహారూ పదహారే.

బేకరీ ఆవిడ దగ్గరికొచ్చింది. మంచి మనిషే, గొంతు తగ్గించి మాట్లాడింది. "మీ పనితనానికి వంక పెట్టలేను మాస్టారూ. కానీ నాది పండ్ల కొట్టు కాదు కదా. ఆరు గంటలకు కట్టేస్తాను. ఆ వెనకవరసలో పెట్టినలాంటివి ఇంకేమైనా ఉంటే తెండి."

బాబాయి ట్రే పట్టుకుని ఇంటిదారి పట్టాడు. నాకు ఏడుపొచ్చింది. ఇంటికెళ్ళాక పిన్నికి సంగతి నేనే చెప్పాను.

"నావా? ఎనిమిదీనా?" అని పిన్ని ముఖం చాటంత చేసుకుంది. అంతలోనే ఆయన ముఖం చూసి చేతులు తుడుచుకుంటూ వచ్చి పక్కన కూర్చుంది.

"ఒక మాట చెప్పనా? ఇన్నేళ్ళూ మీరు చేశారని ఎవరికీ తెలియకుండా చేశారు. ఎంత బాగా చేశారంటే, మీ యజమానికి కూడా తెలియలేదు. లేకపోతే మెషీను తెచ్చుకునేవాడా? ఇప్పుడైనా తెలియనివ్వండి."

"ఎలా?" అన్నాడాయన. నిజంగానే తెలియక అడిగాడు.

పిన్ని ఒక బేరిపండు తీసి ఆయన అరచేతిలో పెట్టి, ఆయన బొటనవేలు పట్టుకుని దాని పొట్టలోకి నొక్కింది. రంగు కింద తెల్లటి బాదం బయటపడింది. వేలి గీతలు స్పష్టంగా దిగాయి. బాబాయి చురుక్కుమన్నట్టు కళ్ళు మూసుకున్నాడు. చాలాసేపటికి తెరిచి, రెండోది తనే అందుకున్నాడు. దాన్ని నొక్కే ముందు నాలుగుసార్లు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. పదహారోది అయ్యేసరికి చొక్కా చెమటతో తడిసిపోయింది.

నాలుగున్నరకు ట్రే మళ్ళీ షోకేసులోకి వెళ్ళింది, మేము ఆ మూల బల్ల మీదికి. ఐదింటికి ఒకావిడ ఆగింది. బేరిపండు ఒకటి అందుకుని ఆ గుంటలో తన బొటనవేలు ఆనించి చూసుకుంది. సరిపోక నవ్వుకుంది. కొట్లో చుట్టూ చూసి, "ఇవి ఎవరు చేశారండీ?" అని అడిగింది.

ముప్పై నాలుగేళ్ళలో ఈ ప్రశ్న బాబాయిని ఎవరూ అడగలేదు. ఆయన లేచి నిలబడ్డాడు. "నేనే" అన్నాడు. ఆవిడకు వినబడలేదేమోనని దగ్గరికి వెళ్ళి మళ్ళీ చెప్పాడు.