పిన్ని కుట్టిన ఫొటోల బొంత

"అక్కా, మీ పిన్ని పోయింది."

పొద్దున్నే పొయ్యి మీద అన్నం ఉడుకుతుంటే ఫోన్లో వచ్చిన మాట ఇది. మాట్లాడింది పిన్ని కూతురు, నాకు చెల్లి వరస. పిన్నికి ఒక్కతే కూతురు. "అమ్మ పోయింది" అనలేదు, "మీ పిన్ని పోయింది" అంది. రామచంద్రపురం నుంచి రెండు బస్సులు మారి, మామిడికుదురు దగ్గర మా అమ్మమ్మగారి ఊరు చేరేదాకా ఆ మాటే చెవిలో ఉంది. పిన్ని పోయినందుకు ఏడుపు, ఆ మాటకు కోపం, రెండూ ఒకేసారి వచ్చి దేనికీ దారి ఇవ్వలేదు. కిటికీ పక్కన కూర్చుని వాన చూస్తూ ఉండిపోయాను.

ఇంటి ముందు షామియానా వేశారు, ఫ్లెక్సీ కట్టారు. ఫ్లెక్సీ మీద వేసిన ఫొటో ఆధార్ కార్డులోది. చిన్న ఫొటోని మనిషంత పెంచేసరికి, ఎవరో తిడుతుంటే నిలబడి వింటున్నట్టు ఉంది పిన్ని మొహం. కింద "ప్రభువునందు నిద్రించారు" అని రాయించారు. చర్చి నుంచి వచ్చిన ఒకావిడ నా చెయ్యి పట్టుకుని, "ఏడవకండమ్మా, మీ పిన్నిగారు మనకంటే మంచి చోటికి వెళ్ళేరు" అంది. ఆవిడ మంచి మనసుతోనే అంది. నాకు మాత్రం ఒళ్ళు మండింది. పిన్ని వయసులో ఉన్న రోజులన్నీ, ఇక్కడికంటే మంచి చోటని అందరూ చెప్పి పంపిన చోటే గడిచిపోయాయి.

బాబాయి కొబ్బరి దింపు తీసేవాడు. వానకి తడిసిన చెట్టు ఎక్కి, జారి పడి పోయాడు. అప్పటికి మా చెల్లికి మాటలు కూడా పూర్తిగా రాలేదు. ఆ రోజుల్లో అమ్మమ్మ ఊళ్ళో ఇంటికొకరు చొప్పున గల్ఫ్‌లో ఉండేవారు. పిన్నీ వెళ్ళింది, కువైట్‌లో ఇంటిపనికి. పిల్లని అమ్మమ్మ దగ్గర వదిలింది. పిల్ల అమ్మమ్మనే "అమ్మా" అని పిలవడం మొదలుపెట్టింది. ఎవరూ నేర్పలేదు, ఎవరూ దిద్దనూ లేదు. ఫోన్లో ఆ పిలుపు విన్నప్పుడు పిన్ని, "పోన్లే, అమ్మా అని పిలవడానికి దానికొకరు ఉన్నారు కదా" అందట. ఈ సంగతి చెప్పినప్పుడల్లా అమ్మమ్మ ఏడ్చేది.

ఓసారి సెలవు మీద వస్తున్న పిన్నిని తీసుకురావడానికి తాటిపాక సెంటరుకి అందరం వెళ్ళాం. కారు దిగి, అట్టపెట్టెల వంక కూడా చూడకుండా, రోడ్డు పక్కనే మోకాళ్ళ మీద కూర్చుని చేతులు చాపింది. చెల్లి వెళ్ళి అమ్మమ్మ కుచ్చెళ్ళలో దూరిపోయింది. చాపిన చేతులు చాపినట్టే ఉన్నాయి. అందరూ చూస్తున్నారు. ఎవరో ఒకరు వెళ్ళాలి కదా అని నేను వెళ్ళాను. ఊపిరాడనంత గట్టిగా పట్టుకుంది నన్ను. ఆ పట్టు నాకోసం కాదని నాకు అప్పుడే తెలుసు. అయినా ఆ రోజు నుంచి నాకే దక్కింది. సెలవుకి వచ్చినప్పుడల్లా తలకి నూనె రాసింది నాకు, సూది పట్టుకోవడం నేర్పింది నాకు, నా కబుర్లన్నీ విసుక్కోకుండా విన్నది ఆవిడ. కుట్టు వంకరపోతే, "సూదికి తొందర నేర్పకూడదే" అని విప్పి మళ్ళీ కుట్టించేది. ఒకరికి చెందాల్సిన ప్రేమ తిని పెరిగినదాన్ని నేను. ఈ నాలుగు మాటలు రాయడానికి ఇంట్లో ఇంకెవరూ లేరు కాబట్టి నేను రాస్తున్నాను.

అమ్మమ్మ మంచం పట్టాక పిన్ని కువైట్ వదిలి వచ్చేసింది. వచ్చింది గాని, ఇంట్లో ఇంటి మనిషిలా ఉండడం మర్చిపోయి వచ్చింది. ఫ్రిజ్ తెరవబోయి ఒకసారి చుట్టూ చూసేది. తలుపు వేస్తే చప్పుడు రానిచ్చేది కాదు. వంటింట్లో నిలబడే అన్నం తినేది. "కూర్చో పిన్నీ" అంటే "ఆయ్, కూర్చుంటానే" అనేది, తినడం అయిపోయేది. గ్లాసులో నీళ్ళు తాగితే ఆ గ్లాసు అప్పటికప్పుడే కడిగి బోర్లించేది. ఆవిడ వెళ్ళిపోయిన గదిలో ఆవిడ ఉండి వెళ్ళిన గుర్తు ఒక్కటీ మిగిలేది కాదు.

మేం గోదావరి వాళ్ళం పిల్లినీ కుక్కనీ కూడా అండీ అంటామని బయటివాళ్ళు నవ్వుతారు. నవ్వనివ్వండి. కాని మా ఇళ్ళల్లో కన్నతల్లిని మాత్రం అండీ అనరు. మా చెల్లి అనేది. దానికి అమలాపురంలో బడిపంతులమ్మ ఉద్యోగం వచ్చింది, పెళ్ళయింది, అక్కడే కాపురం. ఆదివారం చర్చి నుంచి వచ్చాక తప్పకుండా ఫోన్ చేసేది. "భోంచేసేరా అండీ? మందులు వేసుకున్నారా అండీ?" ఎక్కడా ఒక్క మాట తప్పు పట్టడానికి లేదు. ఫోన్ పెట్టేశాక పిన్ని చాలాసేపు దాన్ని చేతిలోనే పట్టుకుని ఉండేది.

అమ్మమ్మ పోయాక ఆవిడ నూలు చీరలు మిగిలాయి. చెల్లి పురిటికి వస్తోందని తెలిసింది. పుట్టే బిడ్డకి పాత నూలు చీరలతో బొంత కుట్టడం మా ఇళ్ళల్లో ఉన్నదే. పిన్ని దానికి ఇంకొకటి కలిపింది. ఫొటోలని గుడ్డ మీద అచ్చు వేయించి, ఆ ముక్కలు అతికి బొంత కుట్టడం ఫోన్లో చూసిందట. అమ్మమ్మ ఏటా చెల్లిని స్టూడియోకి తీసుకెళ్ళి ఫొటో తీయించి, కువైట్ వెళ్ళేవాళ్ళ చేత పంపించేది. క్రిస్మస్ గౌనులో ఒకటి, ముందు పళ్ళు ఊడినప్పుడు ఒకటి, రెండు జడలు రిబ్బన్లతో ఒకటి. అక్కడ అవన్నీ పిన్ని తలగడ కింద ఉండేవి. "పెట్టెలో ఉన్న బట్ట పరాయిదే, ఒంటి మీద ఉన్నదే మనది" అనేది ఆవిడ ఎప్పుడూ. "ఫొటో కూడా అంతేనే. గోడకుంటే చూస్తాం. బొంతలో ఉంటే కప్పుకుంటాం" అంది. ఆ బొంత చూస్తే కూతురు ఒక్కసారైనా అమ్మా అంటుందని ఆవిడ ఆశ. నోటితో చెప్పలేదు గాని, చీర ముక్కలు ఉతికి గంజి లేకుండా ఆరేసి, ముడత లేకుండా ఇస్త్రీ చేస్తున్న తీరు చూస్తే ఎవరికైనా తెలుస్తుంది.

రాజోలులో కప్పుల మీదా చొక్కాల మీదా ఫొటోలు వేసే షాపుకి నేనే తీసుకెళ్ళాను. షాపతను అమ్మమ్మ చీర ముక్క వేళ్ళ మధ్య నలిపి చూసి తల అడ్డంగా ఊపాడు.

"నూలు మీద నిలవదండి. పాలిస్టరు అయితే రంగు లోపలికి దిగుతాదండి. దీనిమీద పొరలాగ పైన అంటుకుంటాదంతేనండి. ఉతికేకొద్దీ పగిలి రాలిపోతాదండి."

"పసిబిడ్డకి పాలిస్టరు వేడి చేస్తాదండి. దీనిమీదే వేసెయ్యండి" అంది పిన్ని.

"తర్వాత నన్ను అనకూడదండి మరి."

"ఆయ్, అననండి."

అతను ఫొటోలన్నీ ఒక్కొక్కటే తిప్పి చూశాడు. "ఇన్నిట్లో మీరెక్కడా లేరేంటండి?" అన్నాడు. "ఇవన్నీ నాకు పంపడానికి తీసినవి కదండీ. వీటిలో నేనెలా ఉంటానండి?" అంది పిన్ని. నవ్వుతూనే అంది. తర్వాత పర్సులోంచి ఇంకో ఫొటో తీసింది. కువైట్ ఇంట్లో పచ్చ సోఫా మీద పిన్ని. ఒళ్ళో ఎర్ర గౌనులో ఆ ఇంటి పిల్ల. పిల్ల చెయ్యి పిన్ని మెడ చుట్టూ ఉంది, తలెత్తి పిన్ని మొహంలోకే చూస్తోంది. పిన్ని పళ్ళు కనపడేలా నవ్విన ఫొటో నేను అదొక్కటే చూశాను.

"ఈ పిల్లని తీసెయ్యడం అవుతాదాండి?" అని అడిగింది.

"తీసేయొచ్చు గానండి, చెయ్యి చూసేరా, మెడ మీదుంది. అది తీస్తే మీ మెడ కూడా పోతాదండి."

పిన్ని ఫొటో అతని ముందుకి జరిపింది. "అయితే అలాగే వెయ్యండి. నేను చూసుకుంటాను."

ఇంటికి వచ్చాక ఆ గుడ్డని పిల్ల ఉన్నంత మేరా వెనక్కి మడిచింది. "కత్తిరించెయ్యి పిన్నీ, బరువు తగ్గుతుంది" అన్నాను. "కత్తిరిస్తే పోగులు లేస్తాయే. మడిచి కుట్టేస్తే ఇంక కనపడదు" అంది. ఎర్ర గౌను, పిల్ల మొహం, సోఫా చివర అన్నీ కుట్టు వెనక్కి వెళ్ళిపోయాయి. మెడ మీద చిన్న చెయ్యి ఒక్కటి మిగిలింది. ఆ ముక్కని బొంతకి సరిగ్గా మధ్యలో పెట్టి, చుట్టూ చెల్లి ఫొటోలు పేర్చి కుట్టింది.

చెల్లి వచ్చిన సాయంత్రం మంచం మీద బొంత పరిచి, గోడ వారకి వెళ్ళి నిలబడింది పిన్ని. చెల్లికి మొదట మొహం వెలిగింది. "అక్కా, ఈ గౌను గుర్తుందా? దీనికోసం అమ్మని ఎంత ఏడిపించేనో" అంది. అమ్మ అంటే అమ్మమ్మే. ఒక్కో ఫొటో మీద వేలు పెట్టుకుంటూ మధ్యకి వచ్చి ఆగింది.

"ఈ చెయ్యి ఎవరిదండీ?"

"నీదే అనుకోవే."

"నా చెయ్యి మీ మెడ చుట్టూ ఎప్పుడు పడిందండీ?"

గొంతు పెంచలేదు. బొంతని జాగ్రత్తగా మడతపెట్టి మంచం కాళ్ళ వైపు పెట్టింది. "బిడ్డకి దుప్పటి కొనుక్కొచ్చేనండి" అంది. పిన్ని వంటింట్లోకి వెళ్ళింది. నేను వెనకాలే వెళ్ళేసరికి పర్సులోని ఫొటో పొయ్యిలో ఉంది. "ఇంక ఆ పిల్ల లేదులే" అంది నాతో. ఆ పిల్లతో పాటు తనూ కాలిపోయిందని ఆవిడకి తట్టలేదో, తట్టినా లక్ష్యపెట్టలేదో నాకు తెలియదు. బిడ్డ పుట్టింది, బొమ్మల దుప్పట్లో పడుకుంది, మూడో నెలలో తల్లితో అమలాపురం వెళ్ళిపోయింది. బొంత ఉండిపోయింది.

అప్పటి నుంచి పిన్నే దాన్ని కప్పుకునేది. షాపతను చెప్పినట్టే అయింది. ఉతికినప్పుడల్లా బేసిన్ నీళ్ళలో రంగు పొరలు తేలేవి, ఓసారి జడ రిబ్బను, ఓసారి గౌను అంచు. "ఇంక ఉతక్కు పిన్నీ, దణ్ణం పెడతాను" అన్నాను. "కప్పుకున్నాక మాయదా? ఉతక్కుండా ఎలాగే?" అంది. ఊరికే దాచుకుంటే ఆ ఫొటోలు ఎన్నాళ్ళైనా ఉండేవి. దాచుకోవడం ఆవిడకి చేతకాలేదు. చూస్తుండగానే కూతురి బాల్యం రెండోసారి ఆవిడ చేతుల్లోంచి పోయింది. ఈసారీ ఎవరూ ఏమీ చెయ్యలేకపోయాం. తర్వాత పిన్నికి గుండె జబ్బు పట్టింది, అది ముదిరినా ఎవరికీ శ్రమ ఇవ్వలేదు. పొద్దున్న పాలు పోయడానికి వచ్చినావిడ పిలిచి పిలిచి లోపలికి వెళితే, బొంత మెడదాకా కప్పుకుని ఉందట.

భూస్థాపన రోజున ఆడవాళ్ళు, "చివరిదాకా కప్పుకున్నది కదండీ, పెట్టెలో పెట్టేద్దామండి" అన్నారు. చెల్లి అడ్డం వచ్చింది. "వద్దండి" అంది. దాని కళ్ళు పొడిగా ఉన్నాయి. నాకు మళ్ళీ కోపం వచ్చింది, ఆ ఒక్కటీ ఆవిడతో పోనివ్వచ్చు కదా అని.

ఆదరణ కూటం ప్రార్థనలు అయిపోయి, వచ్చినవాళ్ళందరూ భోజనాలు చేసి వెళ్ళిపోయాక, ఇంట్లో మేమిద్దరమే మిగిలాం. బయట వాన పట్టుకునే ఉంది. చెల్లి మంచం మీద కూర్చుని బొంత ఒళ్ళోకి లాక్కుంది. ఫొటోలన్నీ దాదాపు వెలిసిపోయాయి. మధ్య ముక్కలో నిద్రలో చేతులు ఆనే చోట రంగు మొత్తం రాలిపోయి, పిన్ని మొహం ఉండాల్సిన చోట వట్టి చీర కనిపిస్తోంది. కుట్టుకి దగ్గరగా ఉండబట్టి ఆ చిన్న చెయ్యి మాత్రం నిలిచింది.

"ఈ చెయ్యి ఎవరిదో చూస్తానక్కా" అంది.

పిన్ని కుట్టు డబ్బాలోంచి కత్తెర తీసి, మొనతో ఒక్కో కుట్టూ తెంపింది. పిన్ని కుట్టు దగ్గరదగ్గరగా ఉంటుంది, చాలాసేపు పట్టింది. నేను ఆపలేదు. చివరికి ముక్క ఊడదీసి, మడత విప్పి, మోకాళ్ళ మీద పరిచింది.

లోపల ఉండిపోయింది కాబట్టి దానికి రాపిడి తగల్లేదు. ఎర్ర గౌను, పచ్చ సోఫా, ఆ పిల్ల మొహం, షాపులోంచి తెచ్చిన రోజున ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి. పిల్ల తలెత్తి నవ్వుతోంది. అది చూస్తున్న వైపు అమ్మమ్మ తెల్ల చీర తప్ప ఏమీ లేదు.

చెల్లి ఆ తెల్లటి చోట అరచేత్తో నిమిరింది. గుడ్డ తిప్పి వెనక చూసింది. లేచి గుమ్మం దగ్గరికి వెళ్ళి వాన వెలుతురులో పట్టుకుని చూసింది.

"అమ్మ ఏదక్కా?" అంది.

ఈసారి అమ్మ అంటే అమ్మమ్మ కాదు. చెల్లి చేతుల్లో ఆ పిల్ల ఇంకా అటే చూస్తూ నవ్వుతోంది, ఏమీ లేని చోట చెయ్యి వేసి.